గాస్త్రా మూత

తాత పోయాక కొడుకులిద్దరూ
గొర్రెల్ని లెక్కపెట్టి పంచుకున్నారు,
గొర్రెల మెడగంటల్ని మోత విని పంచుకున్నారు.
చివరికి గాస్త్రా మిగిలింది.
ఇనప మూత పెద్దాయనకి,
దాని కింద పెట్టే రాగి పళ్లెం మా నాన్నకి.
మూత లేని పళ్లెంలో ఏం కాలుతుందని
పెద్దమనుషులెవరూ అడగలేదు.
అప్పటికే వాళ్ల సిపురో సీసా అడుగంటింది.

ఆ తర్వాత అక్రోటు చెట్టు తగాదా.
వేరు మాది, కొమ్మ వాళ్లది,
కాయలు ఎక్కడ రాలితే అక్కడ గొడవ.
మా అమ్మ లాంబ్రినీ, పెద్దమ్మ హైదో
పదకొండేళ్లు ఒకరి పేరొకరు పలకలేదు.
అమ్మ "ఆవిడ" అనేది.
పెద్దమ్మ "కింది ఇల్లు" అనేది,
ఇల్లే తనతో మాట్లాడటం మానేసినట్టు.

అయినా పిందోస్ కొండల్లో శనివారం శనివారమే.
ఏడేళ్లవాణ్ణి, పైకెక్కి మూత తెచ్చేవాణ్ణి
వీపున తాబేటి చిప్పలా మోసుకుంటూ.
రాతిమెట్లు నలభై మూడు.
మంచు పడితే లెక్క తప్పేది.

అమ్మ అప్పటికే ఆకు కోసుకొచ్చి ఉండేది:
ముట్టుకుంటే చుర్రుమనే త్సుక్నీదా,
పుల్లాకు, గుప్పెడు పుదీనా,
ఇంకేదో ఆకు, పేరు తనకీ తెలీదు,
రుచి మాత్రం తెలుసు.
ఉప్పేసి పిసికితే
బుట్టెడాకు దోసెడయ్యేది.
పళ్లెం అడుగున మొక్కజొన్న పిండి,
నడుమ ఆకు, గొర్రెపాల ఫెటా,
పైన మళ్లీ పిండి, వేళ్ల సందుల్లోంచి,
తొలిమంచు పడ్డట్టు పల్చగా.
కర్రతో ఒత్తే పనే లేదు.
గోధుమ దొరకని ఏడాది ఎవరో కనిపెట్టిన వంట.
బ్లాత్సారియా తింటూ
ఆ ఏడాది సంగతి ఎవరూ ఎత్తరు.

మూత ఎర్రబడేదాకా కాల్చి
పళ్లెం మీద బోర్లించి
పైన నిప్పులు, నిప్పుల పైన బూడిద.
అమ్మ చెవి ఒగ్గి వినేది.
లోపల చిటపట ఆగి
గుసగుస మొదలైతే
"అయింది" అనేది.

మూతకి అద్దె సగం పళ్లెం.
గుడ్డలో చుట్టి నేనే మోసుకెళ్లేవాణ్ణి.
మొదటేడు అమ్మ పైకి పంపినవి
అంచు ముక్కలు, మాడినవి.
పెద్దమ్మ నమిలి నమిలి
గోడకేసి చూసి చెప్పేది:
"ఉప్పు తక్కువ."
నేను చెప్పకపోయినా
ఆ మాట కిందికి ఎలా దిగేదో,
మరుసటి శనివారం ఉప్పు సరిపోయేది.
"పుల్లాకు ఎక్కువ."
తగ్గేది.
"పుదీనా ఏమైంది, మేక మేసిందా?"
ఆ వారం పుదీనాయే పుదీనా.

పెద్దాయన దగ్గుతో పోయిన చలికాలం
అమ్మ పళ్లెం మొత్తం పంపింది.
పెద్దమ్మ సగం తిప్పి పంపింది.
లెక్క లెక్కే.

తర్వాత పెద్దమ్మ పళ్లు ఒక్కొక్కటే ఊడాయి.
ఆ కబురు కూడా నేను చెప్పలేదు.
అమ్మ ఆకుని మరింత సన్నగా తరగడం మొదలెట్టింది,
నడిమి ముక్కలే గుడ్డలోకి వెళ్లసాగాయి.
అంచులు మేం తిన్నాం, చప్పుడు చేస్తూ.

నాకు పద్దెనిమిదో ఏట, మార్చిలో,
పుల్లాకు ఇంకా మొలవకముందే
పెద్దమ్మ వెళ్లిపోయింది.
మూత మా ఇంట్లోనే ఉండిపోయింది,
అడిగే దిక్కు లేదు.
అమ్మ ఏడవడం నేను చూడలేదు.
అక్రోట్లు రెండు బుట్టలేరుకొచ్చి
సమాధి పక్కన ఒకటి పెట్టి,
బుట్ట మాత్రం వెనక్కి తెచ్చుకుంది.

ఆ శనివారం పళ్లెం సగానికి కోసింది.
ఒక సగం గుడ్డలో చుట్టింది.
ముడి వెయ్యబోయి ఆగింది.
విప్పి, నడిమి ముక్క తుంపి
నోట్లో వేసుకుని,
గోడకేసి చూస్తూ చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువ" అంది.

తక్కువ కాలేదు.
నేనేమీ అనలేదు.
ఉప్పు డబ్బా అందించాను.