పదకొండో గదిలో కుండ

ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌లో వార్తలు
నోటీసు బోర్డు కన్నా ముందు సూరిదేముడికి తెలుస్తాయి.
మెట్ల మీద ఎదురొచ్చి, టీ ఫ్లాస్కు చెయ్యి మార్చుకుని
"మాస్టారు పోయారటమ్మా, తెల్లారగట్ల, పెదవాల్తేరులో" అన్నాడు.
ఆ వెంటనే, అదే గొంతుతో,
"మీ మార్చి బిల్లు ఇంకా ఆడిట్‌లోనే ఉందట."

రెండు వార్తలూ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.
దూరంగా నీళ్ల మీద నాలుగు ఓడలు
బెర్తు కోసం కాచుకుని ఉన్నాయి.
నాకు పన్నెండేళ్లు. గెస్ట్ ఫ్యాకల్టీ, గంటకింతని.
పన్నెండేళ్లయినా అతిథినే.
మా ఇంట్లో అయితే మూడో పూటకే కూర తగ్గించేవాళ్లు.

సంతాప సభకి పదకొండుమందిమి.
హెడ్ గారు మాస్టారి పుట్టిన తేదీ తప్పు చదివారు.
తిరుపతిలో ఉద్యోగమొచ్చిన నాగభూషణం ఫోన్లో మాట్లాడుతూ
"మాస్టారు నాకు" దగ్గర సిగ్నల్ తెగిపోయాడు.
మిగతాది ఎవరికి వాళ్లం పూరించుకున్నాం.
రెండు నిమిషాల మౌనంలో వెనక వరసలో
ఎవరో రోస్టర్ పాయింట్ల గురించి గుసగుసలాడారు.
తప్పు పట్టను.
ఆయన రిటైరై తొమ్మిదేళ్లు,
ఆ పోస్టుని ఇంకా మాస్టారి పోస్టు అనే అంటాం.

న్యాయం చెప్పేవారు జోగారావు మాస్టారు.
కోర్టు న్యాయం అనుకుని చేరినవాడు ఏడాదికొకడుండేవాడు,
వాణ్ణి కావాలని ముందు బెంచీలో కూర్చోబెట్టుకునేవారు.
"నేల మీద కుండ లేదు.
ఆ లేకపోవడాన్ని చూస్తున్నారా, ఊహిస్తున్నారా?"
గది మూల మంచినీళ్ల కుండ నిజంగానే ఉండేది.
ఆ పాఠం రోజు సూరిదేముడు దాన్ని వరండాలోకి మోసేవాడు,
మళ్లీ లోపలికి,
మళ్లీ బయటికి.
"ఏటి బాబూ, లేనిది సూపించడానికి నా నడుం పోతంది!"
మాస్టారు పడీపడీ నవ్వి,
"అభావాన్ని మోసింది మన శాస్త్రంలో ఈయనొక్కడేరా."

ఇంకో మాటా అన్నారు. అప్పుడు నోట్సులో రాసుకోలేదు.
కుండని ఎరిగినవాడికే కుండ లేకపోవడం కనబడుతుంది,
ఎరగనివాడికి అది ఉత్త నేల.

హుద్‌హుద్ నాడు కిటికీ రెక్క ఊడిపడి కుండ పగిలింది.
తర్వాత ఫిల్టరొచ్చింది, అదీ పాడైంది,
ఇప్పుడు ఎవరి సీసా వాళ్లదే.
ఎమ్మేలో నలుగురు పిల్లలు.
ఇద్దరు గ్రూప్-టూ కోచింగ్‌కి పోతారు,
ఒకడు హాస్టల్ సీటు కోసం చేరానని మొదటి రోజే చెప్పేశాడు, మంచివాడు.
గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చే హైమ మాత్రం
ఎందుకు చేరిందో తనకే తెలీదంది.
అలాంటివాళ్ల కోసమే ఈ శాస్త్రం అనుకుంటాను.

సభ అయిన నాలుగో రోజు
ఎస్టేట్ ఆఫీసు నుంచి ఇద్దరు టేపు పట్టుకుని వచ్చారు.
డేటా సైన్స్ వాళ్లకి ల్యాబు కావాలట.
"ఖాళీయే కదండీ" అన్నాడు అందులో చిన్నవాడు.
అబద్ధం కాదు. ప్రతి అర్జీలో మేం రాసిందీ అదే మాట,
పోస్టులు ఖాళీ, ఖాళీ, ఖాళీ.

టేపు మూలకి చేరి ఆగింది.
గచ్చు మీద గుండ్రంగా, ఏళ్ల చెమ్మ తిన్న మచ్చ.
"ఇదేం మరక?"
"కుండండి" అన్నాడు సూరిదేముడు.
వాళ్లు అటూ ఇటూ చూశారు. "ఎక్కడ?"
జవాబు చెప్పలేదు. వంగి, టేపు చివర తనే పట్టుకుని
మచ్చకి ఇవతలే ఆనించాడు.
వాళ్ల కాగితం మీద గది మూరెడు తగ్గింది.

రేపు పదిన్నరకి అభావం పాఠం.
పూర్ణా మార్కెట్లో కుండ ఎంత చెబుతున్నారో కనుక్కోవాలి,
మార్చి బిల్లు వస్తే.