నీళ్ళ పేరు

ఎనభై ఆరు ఎండాకాలం, ఉరవకొండలో
నీళ్ళ ట్యాంకరు మీద క్లీనరుగా చేరినాను.
డ్రైవరు దఫేదారు పక్కీరప్ప.
ఎడమ చెవి వినపడదు, హారను కొట్టడు.
ముందరి అద్దానికి గోనెపట్టా కట్టి
జానెడు సందు మాత్రం వదిలి
అందులోంచే దారి చూస్తాడు.
"లోకం జానెడుంటేనే, సామీ,
నాకు తోలేకి అయితాది."

రాకెట్ల అనే ఊరికి
మేము మోసింది నీళ్ళే.

బోరు సన్నగా పోసేది. తొట్టి నిండేకి రెండు గంటలు.
ఆ రెండు గంటలూ తడి వేలుతో
ట్యాంకరు పక్కన పేరుకున్న ఎర్రదుమ్ములో
బొమ్మలు గీసేవాడు.
మొదట, పక్కకు వాలిన గాలిపటం లాంటిది.
"ఇదే మూలపుటమ్మ. పదారో సంవత్సరం.
లోపల ఎనిమిది మంది, నడాన ఇంజను, ఊపిరాడని పొగ.
మనిషి నడకంత పరుగు.
కింద పట్టా చూస్తివా, చేను దున్నే మిషనుది.
సేద్యగాని చెప్పులేసుకుని యుద్ధానికి పోయింది.
ఇదేందని అడిగినోళ్ళకి
ఎడారికి నీళ్ళు మోసే ట్యాంకు అని చెప్పిరంట తెల్లోళ్ళు.
అబద్ధమాడేకి గూడా
నీళ్ళ పేరే దొరికె వాళ్ళకి."

తరువాత ఎవరో దానికి తల పెట్టినారు.
తల గిర్రున తిప్పడం నేర్చినాక
అది ఇంకెవరి మాటా వినలేదు.
గొట్టం లావయింది, తోలు మందమయింది,
ఆ తోలును చీల్చేకి గొట్టం ఇంకా లావయింది.
తాడిని తన్నేవాడుంటే
వాని తల తన్నేవాడు ఇంకో దేశంలో తయారు.
రష్యావోళ్ళ బండి గీసి, ముందుభాగం వాలుగా దిద్ది,
"బోదకొట్టం మీద వాన నిలుస్తాదా?
గుండైనా అంతే, జారిపోతాది" అన్నాడు.
జర్మనీది గీసేలోపల
నీళ్ళు పొర్లి బొమ్మలన్నీ కారిపోయినాయి.

అరవై ఐదు గురించి ఒక్కసారే చెప్పినాడు,
టైరు పంచరై, కంకర కుప్ప మీద కూర్చున్నప్పుడు.
పంజాబు. మనిషెత్తు చెరుకు.
కాలవకు గండి కొట్టి రాత్రంతా నీళ్ళు పారించినారు.
తెల్లారేసరికి అవతలోళ్ళ కొత్త అమెరికా బండ్లు
మడుగులో బర్రెల్లా దిగబడినాయి.
"పేరు దొంగిలించిన దాన్ని
నీళ్ళే పట్టిచ్చినాయి రా."
నవ్వినాడు. నవ్వు ఆగినాక చాలాసేపటికి,
"ఒకడు మూత తీసి బయటికొచ్చినాడు.
నా వయసోడే.
చేతులెత్తేకి ముందు
దోసిట్లో ఆ బురదనీళ్ళు తాగినాడు."

పంచరు వేసినాము. ఊరు చేరినాము.
బిందెల వరస రచ్చకట్ట దాటి బడి గోడ దాకా.
పక్కీరప్ప వాల్వు దగ్గర నిలబడి
ఎవరికీ వినపడనంత మెల్లగా
"ఫైర్" అని, తిప్పుతాడు.
గొట్టం మూతి మనిషి వైపు తిరిగితే మాత్రం
చిన్నపిల్లోడి చేతిలోంచైనా లాక్కుంటాడు.

తొంభై ఒకటిలో, టీ హోటల్లో, టీవీలో
ఎక్కడిదో ఎడారి, పచ్చపచ్చటి రాత్రి.
చీకట్లో చూసే కండ్లొచ్చినాయంట బండ్లకి.
మైళ్ళ అవతల ఒక చుక్క వెలిగి, ఆరింది.
హోటలంతా ఈల వేసింది.
"ఆ చుక్కలో నలుగురుంటారప్పా" అని
టీ తాగకుండానే లేచిపోయినాడు.
బయట ట్యాంకరు టపటపా కారతావుంది.
వాసరు మార్చమని నన్ను తిట్టినాడు,
ఎప్పుడూ తిట్టనంతగా.

ఆయన పోయి పన్నెండేండ్లు.
మొన్న ట్యాంకరును గుజిరీకి తోలినాను.
గోనెపట్టా చివికి, సందు పెద్దదై,
రోడ్డంతా ఒక్కసారి కండ్లలో పడి
రెండు మార్లు బ్రేకు తొక్కినాను.
గుంతకల్లు పాతసామాన్ల షావుకారు
కాటా వేయించి, పుస్తకం తెరిచి అడిగినాడు,
"ఏం ట్యాంకని రాసుకోమంటావు?"

నీళ్ళది అని చెప్పినాను.
నమ్మలేదేమోనని
ఇంకోసారి చెప్పినాను.