తొమ్మిదిన్నర

సైకిలు షాపు మేడ మీద
ఎక్కితే పదకొండు మెట్లు,
దిగితే పన్నెండు లెక్కొచ్చే గది.
నీలం దుప్పటి మేకులకి కట్టి
దాన్నే ఆకాశం అన్నాం.
థర్మకోలు కోసి చమ్కీ అంటించి నక్షత్రాలన్నాం.
రాజాం కేబుల్లో మూడో నెంబరు,
రాత్రి తొమ్మిదిన్నరకి ‘వెండికబుర్లు’.
కెమెరా నాది.
అంటే, పెళ్లిళ్లు లేని రోజుల్లో నాది.

వార్తలు రెండ్రోజులు ముసలివి.
విశాఖ బస్సులో వచ్చిన వారపత్రికలోంచి
పైడిశెట్టి చేత్తో తిరగరాసేవాడు,
‘సమాచారం’ అని ఉన్నచోట
‘భోగట్టా’ అని మార్చి.
అదే మా సంపాదకత్వం.

చదివేది లెంక హైమావతి.
పగలు జూట్‌మిల్లు గేటెదుట జాకెట్లు కుట్టేది.
మొదటిరోజు ‘అవార్డు’ నోరు తిరక్క ‘అవాడ్డు’ అంది,
ఏడాదిపాటు ఊరంతా అవాడ్డే అంది.
మూడు చీరలు, మూడూ బట్టలకొట్టువాళ్లవి,
మడత నలక్కుండా తిరిగిచ్చేయాలి.
వెనక పిన్నీసులు కెమెరాకి కనబడవు.

ఇరవై నాలుగేళ్లలో ఒక్క తార మా ఊరొచ్చింది.
వచ్చిందనడం కూడా ఎక్కువే,
చీపురుపల్లి రోడ్డు మీద టైరు పేలి ఆగింది.
కొబ్బరిబోండం తాగింది, చెమట తుడుచుకుంది,
‘ఇంకెంతసేపు’ అని డ్రైవర్ని అడిగింది.
పదకొండు నిమిషాల టేపు.
ఆమె పెళ్లికి అదే వేశాం,
ఎన్నికల్లో నిలబడితే అదే,
ఆమె పోయిన రాత్రి కూడా
అదే బోండం, అదే చెమట,
వెనకనుంచి ఎవరో కుర్రాడు చెయ్యూపడం.
ఆ కుర్రాడికిప్పుడు బట్టతల.
సంతలో ఇంకా ‘టీవీలోడు’ అనే పిలుస్తారు.

మిల్లు మూసిన ఏడు
హైమావతి మొగుడు రాయగడ బస్సెక్కాడు.
ఒక్కడే ఎక్కలేదు.
పాలబూతు దగ్గర పొద్దున్న పుట్టిన కబురు
కూరగాయల బజారు దాటడానికి
రెండు గంటలు పట్టలేదు.
ఆ రాత్రి ఊళ్లో ఒక్క టీవీ ఆరలేదు.
సీరియళ్లు వదిలేసి,
కళ్లు వాచాయా లేదా చూద్దామని కూర్చున్నారు.
మా అమ్మా కూర్చుంది, అబద్ధమెందుకు.

వచ్చింది. ఆకుపచ్చ చీర. పౌడరు కొంచెం ఎక్కువ.
కాగితంలో మూడోది ఎవరో హీరో, విడాకులు,
పైడిశెట్టి మార్కు ‘ఆసక్తికర భోగట్టా’.
చదవబోయి ఆగింది.
కాగితం బోర్లించి,
పన్నెండేళ్లుగా కెమెరాకి దాచిన మా యాసలో
“ఇది నాను సదవను. ఆల్లింటి గొడవ ఆల్లది.
సూసినకాడికి సాలు. టీవీలు కట్టీసి తొంగోండి” అంది.

కెమెరా ఆపాలని నాకు తోచలేదు.
నాలుగు నిమిషాలు ఊరంతా చూసింది
ఉత్త నీలం దుప్పటి,
ఫ్యాను గాలికి ఊడబోతున్న ఒక నక్షత్రం.
మెట్లు దిగుతున్న చప్పుడు.
లెక్కపెట్టాను. పన్నెండు.

మర్నాడు వచ్చింది, చీర మార్చుకుని.
మళ్లీ ఎవరి విడాకులూ చదవలేదు,
పుట్టినరోజులు చదివింది.
చూసేవాళ్లు తగ్గిపోతారన్నాడు పైడిశెట్టి. తగ్గారు.
హుద్‌హుద్‌కి డిష్షు పక్క డాబా మీద తేలింది.
ఫోన్లొచ్చాక, తార తుమ్మితే
ఆ తుమ్ము పూర్తవకముందే ఊరికి తెలుస్తోంది.
టైటిలు కార్డు మీద శ్రీకాకుళం జిల్లా కొట్టేసి
విజయనగరం అని రాశాం.
ఆ రంగు పాతబడకముందే కేబుల్ అమ్మేశారు.
ఆఖరి రోజు ఆఖరిదని ఎవరూ చెప్పలేదు.

టేపుకి బూజు. బోండం దాకా ఆడుతుంది, తర్వాత గీతలు.

మొన్న మా ఆవిడ జాకెట్టు కోసం వెళ్తే
గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.
హైమావతి మిషను ఆపింది, జుత్తు సవరించుకుంది,
నా వైపు తిన్నగా చూసింది.
నా చేతిలో ఏమీ లేదు.

“హుక్కులు రేపు కుడతాన్లే” అంది.