కొసరు

బిజినెస్ క్లాసు వాళ్ళకి రెండు సంచులు,
ఒక్కోటీ ఎనిమిది కిలోలు.
తొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క వాక్యాన్ని
తెల్లవారుజామున మూడింటికి మూడు భాషల్లో అంటున్నాను.
టిబిలిసి నుంచి విమానాలన్నీ
మనిషి గాఢంగా నిద్రపోయే వేళకే ఎగురుతాయి.

ఆ రాత్రి ఎకానమీ నిండి పొర్లింది.
కంప్యూటరు ఎవరో ఒకర్ని ముందుకు తోయాలి.
తోసింది: జుంబెర్, అరవై ఎనిమిదేళ్ళు, సీటు రెండు ఏ.
"కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, అదృష్టవంతులు" అన్నాను.
ఆయన సంచిని రెండు చేతులా ఎత్తి
పసిబిడ్డని ఆసుపత్రి తూకంలో పెట్టినట్టు పెట్టాడు.

పదకొండు కిలోల నాలుగు వందలు.

జిప్పు తీస్తే నల్లటి కుట్టు మిషన్.
తలకాయ మాత్రమే.
మెడ మీది బంగారు తీగెలు
అరచెయ్యి ఆనే చోటల్లా చెరిగిపోయాయి.
వార్సాలో ఏదో నాటకశాలట,
నలభై మంది సైనికులకి కోట్లు కుట్టాలట,
అందరూ మూడో అంకంలో చచ్చిపోతారట.
"అక్కడ మిషన్లు లేవా?"
"ఉన్నాయి. నా మాట వినవు."

రెండు ఎనిమిదులు పదహారు కదా అన్నాడు.
లెక్క ఆయనదే ఒప్పు.
కానీ రూలు పదహారు అనదు,
ఎనిమిది అంటుంది, ఆగి, మళ్ళీ ఎనిమిది అంటుంది.
ఒకే ముక్కగా పుట్టినదాన్ని ఏం చెయ్యాలో
చెప్పదు.
వెనకాయన గడియారం చూసుకున్నాడు,
అరచేతంత తోలుసంచితో,
తన పదహారు కిలోల్లో పదమూడు
ఖాళీగా మోసుకెళ్తూ.

"కింద సామాన్లలో వేసేద్దాం, డబ్బేం పడదు."
నీ చెయ్యి విప్పి అందులో వేస్తావా
అన్నట్టు చూశాడు నన్ను.
ఆ తర్వాత సంచుల కొలతకి పెట్టిన ఇనప చట్రాన్ని చూశాడు.
జేబులోంచి టేపు తీసి కొలిచాడు.
"యాభై ఐదు అని రాశారు, యాభై నాలుగే ఉంది.
చంకల్లో పట్టేస్తుంది."

సూదులూ స్క్రూడ్రైవరూ సెక్యూరిటీ వాళ్ళు పుచ్చుకున్నారు.
ఇరవై తెత్రీల నాణెం తీసి
గేటు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని
మోటారు విప్పాడు. చక్రం విప్పాడు.
పాదం, పక్క రేకు, బాబిన్ పెట్టె,
ఒక్కోటీ మఫ్లరులో చుట్టి రెండో సంచిలోకి.
నా కౌంటరంతా నూనె వాసన.
ఆఖరి పిలుపు నేనే పిలవాలి. పిలిచాను,
గేటు నంబరు రెండుసార్లు తప్పు చెప్పి
తీరిగ్గా సరిదిద్దుకున్నాను.

రెండో సంచి మూడు కిలోల రెండు వందలు.
మొదటిది ఎనిమిదిన్నీ రెండు వందలు.

"ఇక మిగిలింది ఎముక" అన్నాడు.

మా అమ్మమ్మ కుతాయిసి బజారులో అక్రోటు కాయలు అమ్మేది.
తూచాక ఒక గుప్పెడు పైన వేసేది.
ఆ గుప్పెడు వెయ్యకపోతే
అది బేరం కాదు, పగ అనేది.
మా ఎయిర్‌లైన్ పుస్తకం నూట పన్నెండు పేజీలు,
గిటారుకి పేజీ ఉంది, పెళ్ళి గౌనుకి ఉంది,
చితాభస్మానికి కూడా ఉంది.
కొసరుకి లేదు.

సంచి పట్టీ సర్దుతున్నట్టు వంగి
చూపుడు వేలు కింద పెట్టాను.
ఏడు కిలోల నాలుగు వందలు చూపించింది.
మరీ ఎక్కువ ఎత్తేశాను.
ఆయన అంకెని చూశాడు, నా వేలిని చూశాడు,
దర్జీవాళ్ళు ఎదుటివాళ్ళ పొట్ట చూసి
ఏమీ అననట్టే
ఏమీ అనలేదు.
పచ్చ చీటీ కట్టి పంపాను.

తలుపు మూశాక నేల మీద ఏదో మెరిసింది.
స్క్రూ. అగ్గిపుల్ల తలంత.
గాజు అవతల విమానం అప్పటికే వెనక్కి జరుగుతోంది.
తూకం మీద పెట్టాను.
సున్నా.

యూనిఫాం కోటు జేబులో వేసుకున్నాను.
బట్టలు ఉతికినప్పుడల్లా తీసేదాన్ని, మళ్ళీ వేసేదాన్ని.
మొన్న ఆ జేబు కుట్టు ఊడి
స్క్రూ అస్తరులోకి జారిపోయింది.
నడిస్తే మోకాలికి తగులుతోంది.
ఎక్కడైనా కుట్టించాలి.