మూడు మిల్లీవోల్టులు

మసెరు దుకాణంలో కాంతిమాపకం ధర అడిగాను.
ఆ డబ్బుకి మా బడికి రెండేళ్ళ సుద్దముక్కలొస్తాయి.
థాంక్స్ చెప్పి, బస్సెక్కి, బస్సు దిగి గుర్రమెక్కి
కొండమీదికి ఉత్తచేతుల్తో వచ్చాను.

మర్నాడు సెఖోబే వాళ్ళ చచ్చిపోయిన రేడియో విప్పాం.
దాని నుదుట శనగగింజంత ఎర్ర దీపం,
పాటలాగిపోయాక పనిలేక కూర్చుంది.
రెండు కాళ్ళకీ మీటరు తీగలు తగిలించి
కిటికీ వైపు తిప్పితే
అంకెలు కదిలాయి!

"ఇది వెలగాలి కదా న్తాతే, చూస్తోందేమిటి?"
కరెంటిస్తే వెలుగిస్తుంది,
వెలుగిస్తే రవ్వంత కరెంటు తిరిగిస్తుంది.
అప్పు ఉంచుకోని మనుషులుంటారే, అలాంటిది.

వాజలీను డబ్బాకి లోపల మసి పూశాం.
మూతకి మేకుతో బెజ్జం.
మొత్తం ఖర్చు: ఒక కొవ్వొత్తి.

జూన్ నెల. బయట మంచు.
గది చీకటి చెయ్యాలంటే కిటికీలకి కంబళ్ళు కావాలి.
పిల్లలు భుజాల మీంచి తీసిచ్చారు,
పళ్ళు టకటకలాడుతూనే అంకెలు చదివారు.
పది సెంటీమీటర్ల దూరంలో ఎనభై మూడు.
ఇరవైలో ఇరవై మూడు.

దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతు కావాలి,
ఇరవై ఒకటి కూడా దాటకూడదు.
"చవకది కదా" అన్నాను.
ఆ మాట ఇప్పటికీ నాలిక మీద చేదు.

రెలెబొహిలే ఏమీ అనలేదు,
వంగి కొవ్వొత్తి ఊదేసింది.
చీకట్లో మీటరు
మూడు దగ్గర ఆగింది.

చీకటికి మూడెక్కడిది?

ఒక్కొక్కరం తలెత్తాం.
రేకులో మేకు ఊడినచోట
నువ్వుగింజంత ఆకాశం.

జనవరి వానల్లో సరిగ్గా దానికిందే
రెలెబొహిలే నోటుబుక్కు తడిసేది.
ఎన్నిసార్లు చెప్పిందో!
చూద్దాంలే అన్నాను ప్రతిసారీ.
రేడియో దీపం చెప్తే గానీ చూడలేదు.

ఎనభై మూడులోంచి మూడు,
ఇరవై మూడులోంచి మూడు తీసేశాం.
ఎనభై. ఇరవై.
చప్పట్లు లేవు, అందరి చేతులూ చంకల్లో ఉన్నాయి.
ఎవరి కంబళి వాళ్ళు లాక్కున్నారు.

నేను వెళ్ళి నిచ్చెనా, తారు డబ్బా తెచ్చేసరికి
కిటికీలకి మళ్ళీ రెండు కంబళ్ళు. ఒకటి ఆమెది, ఒకటి సెఖోబేది.
డబ్బా మూతి ఆ చుక్కవైపు ఎత్తిపట్టి
మబ్బొస్తే రెండు, మబ్బు పోతే అయిదు అని
ఆమె రాసుకుంటోంది.

"రేపు పూద్దురు న్తాతే" అంది,
తల తిప్పకుండా.