అత్తా, పదికెంత?

మజ్జిగ కేన్లో తెచ్చాడు రూబేను,
బెజవాడ నుంచి బస్సులో, ఒళ్లో పెట్టుకుని,
చుట్టూ ఐసుముక్కలు, తడిగుడ్డ.
మంగళగిరి దాటేసరికి సగం నురగ
మూత సందులోంచి వాడి ప్యాంటే తాగిందట.
"పేల్ ఏల్ అత్తా, నేను కాచిందే, మొదటి విడత.
తాగనక్కర్లా. రుచి చూసి పదికెంతో చెప్పు."

నాకెందుకురా అన్నాను,
ఆదివారం ఆరాధనలో పాడే నోరు ఇది.
"నోరు కాదత్తా, నీ ముక్కు కావాలి."

అది నిజమే.
ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు పొగాకు షెడ్డులో
గోతం పరుచుకుని గ్రేడింగు చేసిన ముక్కు.
ఆకు చేతికొస్తే చాలు,
కళ్లు చూడకముందే తెలిసేది
ఏ బ్యారన్లో మంట ఎక్కువైందో,
ఏ రైతు తొందరపడి పచ్చిమీదే దించాడో.
నేను చెప్పేదాన్ని, మేస్త్రి రాసేవాడు.
చీటీ మీద సంతకం ఎప్పుడూ వాడిదే.

ఊరగాయ సీసా వద్దన్నాడు, వాసన పట్టేసి ఉంటుందని.
జామ్ సీసా కడిగి పోశాను,
కిటికీ దగ్గర ఎత్తి చూశాను.
నిమ్మపసుపు కాదు, గోధుమా కాదు,
మూడో రెలుపులో వచ్చే నారింజ ఆకు.
కొంచెం మసక. దానికి కోత పెట్టనా అంటే
"ఉండాలత్తా అది" అన్నాడు.
సరే, ఉండనీ.

ముందు వాసన.
దిబ్బరొట్టె తిరగేసినప్పుడు
మూకుడు అడుగున మిగిలే ఎర్రచెక్కు,
గరిటతో గీకితే పిల్లలు కొట్టుకునే ముక్క, అదీ.
దాని వెనకాల బెల్లం,
ఉండపాకం కాదు, ఇంకా తీగపాకమే.
దాని వెనకాల తడిసిన గోతం.
గోతం సంగతి చెప్పాలా వద్దా అని ఆగి, చెప్పాను.
వాడి మొహం చిన్నబోయింది.
ధాన్యం గోతంలోంచి రాక
ఆకాశం నుంచి ఊడిపడుతుందేంట్రా?

తర్వాత గుక్క.
తీపి నాలుక కొసన ఉంటుందనుకున్నా, లేదు,
మధ్యలో చతికిలబడింది, రాగిజావలా నిండుగా.
"మాల్ట్ అత్తా అది."
మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ అట.
ఓహో, పసిపిల్లలకి మేం పట్టిందే
మీరు పులియబెట్టి పెద్దోళ్లకి పోస్తున్నారన్నమాట.
చివర్న చేదు.
కాకర చేదు కాదు,
దబ్బపండు తొక్క కొరికితే తగిలేది,
రావడం ఆలస్యం, పోవడం ఇంకా ఆలస్యం.
త్రేనుపొచ్చింది.
వాడు అది కూడా రాసుకున్నాడు.

నా ముక్కులో సగం ఎప్పుడో పోయింది, వాడికి చెప్పలేదు.
షెడ్డు దుమ్ము తిన్నది తిన్నంత.
మల్లెలు, సబ్బు, కొత్తగుడ్డ,
మెత్తటివేవీ ఇప్పుడు నా దాకా రావు.
గట్టిగా తలుపు కొట్టినవే లోపలికొస్తాయి.
ఇది కొట్టింది.

"పదికెంత?"
ఆగు, చల్లదనం దిగనీ.
చల్లగా ఉన్నప్పుడు ప్రతి సరుకూ బొంకుతుంది,
నీళ్లు చల్లిన ఆకు కాటా మీద బొంకినట్టు.
ఇంతలో కరెంటు పోయింది.
ఇద్దరం విసనకర్రకి వంతులేసుకున్నాం.
సీసాకి పట్టిన చెమట ఆరింది.
మళ్లీ గుక్క.
బెల్లం ముందుకొచ్చింది, గోతం జరిగి దారిచ్చింది.

"ఏడున్నర. రాసుకో.
ఒకటి కోసింది చేదుకి,
ఒకటి, నువ్వు దాన్ని బస్సులో కుదిపి తెచ్చినందుకు.
ఆ అర నా దగ్గరే ఉంటుంది,
రెండో విడత తెచ్చాక చూద్దాం."

రాశాడు.
కింద పేరు కూడా రాయమన్నాను, ఇంటిపేరుతో సహా.
దారా సువార్తమ్మ.
'ర్త' కి 'ర్ద' రాస్తే దిద్దించాను.

గుమ్మం దాటుతుంటే అడిగాను,
ఆ బార్లీ పిప్పి ఏం చేస్తార్రా అని.
ఉండవల్లి వైపు గేదెలకి పంపిస్తారట.
అయితే వాటినీ అడుగు, పదికెంతో.
అవి మొహమాటపడవు.