జమాఖర్చుల పుస్తకంలో ఒక ఖాళీ

నేను పాటలు రాయడానికి వెళ్ళలేదు.
మెఘాయ్ ఫకీరు మా షావుకారుకి
పదకొండు రూపాయల ఆరణాలు బాకీ.
చిత్రా నది మీద మంచు ఇంకా విడవని వేళ
పడవ దిగి, చెప్పులు చేత పట్టుకుని
బురదలో నడిచాను.

ఆయన ఈతచెట్టు మీదున్నాడు.
నడుముకీ చెట్టుకీ కలిపి ఒకటే మోకు,
మధ్యలో ఎముకల మూటలా ముసలి ఒళ్ళు.
"దిగు, లెక్క చూసుకుందాం" అన్నాను.
"నువ్వే రా బాబూ, లెక్కంతా ఇక్కడే ఉంది" అన్నాడు.

ఆ చలికాలమంతా
అసలు రాలేదు, వడ్డీ రాలేదు.
వచ్చినవి పాటలు.
ఎడమ పేజీ జమ, కుడి పేజీ ఖర్చు,
ఎటు రాయాలో తెలియక
అంచుల్లో ఇరికించాను.

చెట్టుని మూడు రాత్రులు గీస్తే
మూడు రాత్రులు దాని మానాన వదిలెయ్యాలట.
ఆరిన గాయంలోంచి తిరిగి ఊరే
మొదటి రాత్రి రసమే తియ్యన.
"ఒళ్ళూ అంతే.
ఉపవాసాలతో చెక్కెయ్యకు, ఆశలతో పిండెయ్యకు.
వేరు నుంచి మొవ్వు దాకా ఎక్కేది ఒకటుంది,
రాత్రిపూట, చప్పుడు లేకుండా.
దాని కోసం కాశీ ఎందుకు, మక్కా ఎందుకు,
నీ వెన్ను ఎంత పొడుగో
దాని యాత్ర అంతే."
రాసుకుంటూ నా వెన్ను తడుముకున్నాను.
గద్దె మీద కూర్చుని కూర్చుని
ఎప్పుడో వంగిపోయింది.

వాడకో బావి ఉన్న ఊళ్ళో
ఆయన పెరట్లో ఒకటే పొయ్యి, ఒకటే చిప్ప.
తోలు పనివాళ్ళు, జోలా నేతగాళ్ళు, పడవ సరంగులు,
కొంగున రాయి కట్టుకుని రేవు దిగిన
బ్రాహ్మల వితంతువు ఖిరోదా,
అందరి మూతులూ ఆ చిప్పకే.
"ఏడవడం అయ్యాక ఈ కత్తి నూరిపెట్టు"
అన్నాడట ఆమెతో, ఆ రోజు.
నూరింది. తర్వాత చెట్టే ఎక్కింది.

అప్పుడు పంచాయితీ పెట్టారు.
మౌల్వీ ఒక పక్క, భట్టాచార్యి ఒక పక్క.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి
ఇద్దరిదీ ఒకటే మాట.
"చూశావా, కలిపాను" అన్నాడు నా చెవిలో,
అవతల తన ఒంటితీగ వాద్యాన్ని
ముక్కలు చేస్తుంటే.

మర్నాటికి
మూతి పగిలిన రసం కుండకి తోలు బిగించి
ఇంకోటి చేసుకున్నాడు.
దాని గొంతు కొంచెం జీర.

చిప్ప నా దగ్గరికీ వచ్చేది.
"కడుపులో బాగాలేదు" అనేవాణ్ణి.
నలభై రోజులు నాకు కడుపులో బాగాలేదు.
ఒక్కసారీ బలవంతం చెయ్యలేదు.
నా వాటా నేల మీద పోసేవాడు,
చీమలకి.

మాఘంలో పోయాడు. చెట్టు మీంచి కాదు,
చాప మీద, మామూలుగా.

ఒక పాటలో ఒక మాట నాకు దొరకలేదు.
రసమెక్కే దారిలో కాపలా ఎవరు అంటే
అక్కడేదో అనేవాడు, చెవికి అందేది కాదు.
గీత గీసి వదిలేశాను.
నవద్వీపం నుంచి వచ్చిన పండితుడు
"శూన్యం" అయ్యుంటుందన్నాడు.
జెస్సోరులో చదివిన మున్షీ
"నూర్" తప్ప ఇంకోటి పొసగదన్నాడు.
రెండూ పెన్సిలుతో రాసుకుని
ఖిరోదా దగ్గరికి వెళ్ళాను.
కత్తిని చెట్టుకి గుచ్చి
మోకు జారిపోతుందేమో అన్నంత నవ్వింది.
"అక్కడ దగ్గేవాడు బాబూ.
ఆ చలికాలం పొడుగునా దగ్గేగా!"

పెన్సిలు మాటలు రెండూ చెరిపేశాను.

షావుకారు పోయాడు. బాకీ నా పేర రాసుకున్నాను,
పదకొండు రూపాయల ఆరణాలు.
ఇవాళ పుస్తకం తెరిస్తే
ఆయన వేలు ఆనిన మరక వెంట
చీమల బారు.
అక్షరాలు కొన్ని పోయాయి.
నా వాటా తాగినవాటి మనవలై ఉంటాయి.
దులపలేదు.